ట్రాక్షన్ కంట్రోల్ పనిచేస్తోందో లేదో ఇలా చూసుకోండి

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రం జారి ఊరికే తిరగకుండా ఆపేదే ట్రాక్షన్ కంట్రోల్. మీటర్‌లో దాని లైటు వెలగట్లేదు కాబట్టి అంతా బాగానే ఉందని చాలామంది అనుకుంటారు. ఆ లైటే పోయి ఉండొచ్చు కదా!

ముందు ఇగ్నిషన్ ఆన్ చేయండి. వెనక వంకర గీతలున్న కారు బొమ్మ వెలగాలి, ఇంజన్ స్టార్టయ్యాక కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే డాష్‌బోర్డు మీది ఆఫ్ బటన్ ఎవరైనా నొక్కారేమో చూడండి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైటు కూడా వెలుగుతుంటే ఇక పరీక్ష అక్కర్లేదు, నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లండి. రెండింటికీ చక్రాల దగ్గరుండి వాటి వేగం కొలిచే సెన్సర్లు అవే. నాలుగు టైర్లూ ఒకే సైజులో ఉండాలి, గాలి సరిగా ఉండాలి.

తర్వాత స్థలం. వాన వెలిసిన మొరం రోడ్డే కావాలి. ఇళ్లు కట్టని వెంచర్లలో అలాంటివి దొరుకుతాయి. పొడి తారు రోడ్డు మీద చక్రం జారదు, నల్లరేగడిలో దిగబడుతుంది.

అసలు జాగ్రత్త ఇక్కడే. క్లచ్ టక్కున వదిలి బండిని ఎగిరించకండి. దానివల్ల క్లచ్ ప్లేటు అరుగుతుంది తప్ప మీకు తెలిసేదేమీ ఉండదు. ఫస్ట్ గేర్‌లో నడక వేగంతో కదిలి, క్లచ్ పూర్తిగా వదిలాక, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. స్టీరింగ్ తిన్నగా, రెండు చేతులతో పట్టుకోవాలి. ముందు చక్రాలు లాగే బండి ఒక పక్కకి గుంజవచ్చు. మలుపులో ఈ పని అస్సలు చేయొద్దు. ముందు ఖాళీ జాగా బాగా ఉండాలి, మనుషులు, పశువులు ఉండకూడదు. మీటర్ చూసే పని పక్క సీట్లో వాళ్లది, మీ చూపు రోడ్డు మీదే.

సిస్టమ్ బాగుంటే బొమ్మ టపటపా కొట్టుకుంటుంది. పెడల్ నొక్కే ఉన్నా ఇంజన్ గొంతు అణిగిపోతుంది. బ్రేకులు పట్టి వదులుతున్న గరగర శబ్దం వినిపించవచ్చు. ఇప్పుడు బటన్‌తో ఆఫ్ చేసి అదే చోట మళ్లీ చేయండి. చక్రం గిర్రున తిరిగి, రాళ్లు మడ్‌గార్డుకి తగలాలి. రెండుసార్లూ తేడా లేకపోతే లోపం ఉందనే అనుమానించాలి. కొన్ని కార్లలో బటన్ నొక్కినా పూర్తిగా ఆఫ్ కాదు, మాన్యువల్ చూసుకోండి.

ఒక చక్రాన్ని జాకీ మీద లేపి యాక్సిలరేటర్ ఇచ్చి చూసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, ఎవర్నీ చేయనివ్వకండి. గాల్లో చక్రం తిరగ్గానే సిస్టమ్ దానికి బ్రేకు వేస్తుంది. అప్పుడు శక్తి నేల మీదున్న రెండో చక్రానికి వెళ్తుంది. బండి జాకీ మీంచి ముందుకు దూకుతుంది. సిస్టమ్ ఎంత బాగుంటే ప్రమాదం అంత ఎక్కువ.

లోపం ఉందనిపిస్తే స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టించండి. చవక బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్‌లే చదువుతాయి, ఏబీఎస్ కూడా చదివేది కావాలి. తిన్నగా వెళ్తుంటే నాలుగు చక్రాల వేగాలూ దాదాపు ఒకేలా కనిపించాలి. ఒకటి సున్నా దగ్గర ఉండిపోయినా, పిచ్చిగా ఎగిరినా ఆ చక్రం సెన్సర్ నుంచే వెతకడం మొదలుపెట్టండి. ఈమధ్య అక్కడ బేరింగో బ్రేకులో మార్పించి ఉంటే, కొత్త సెన్సర్ కొనే ముందు దాని వైరు, కనెక్టర్ చూడమనండి.