సెలవుల ఇంగ్లీషు పుస్తకం మొదలుపెట్టే ముందు

హైస్కూల్లో చేరబోయే పిల్లల్ని సెలవుల్లో ఇంగ్లీషు పుస్తకం చదివి రమ్మన్నారా? ముందు స్కూలువాళ్లిచ్చిన కాగితం పూర్తిగా చదవండి. చదివితే చాలా, నోట్స్ కూడా రాయాలా, ఎప్పటికి ఇవ్వాలి అన్నది చూసుకోండి.

అసలు జాగ్రత్త కొనేటప్పుడే. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. కానీ అట్ట మీద ‘అబ్రిడ్జ్‌డ్’ అని ఉంటే అది కుదించిన ప్రతి. స్కూలు అడిగింది అదేనా? బైండింగ్ వదులైనచోట పేజీ నంబర్లు వరసగా తిప్పి చూడండి. 64 తర్వాత 81 కనిపించిందంటే మధ్యలో 16 పేజీల ఫారం (కలిపి కుట్టిన పేజీల కట్ట) మొత్తం ఊడిపోయినట్టే. బేరం ఆ తర్వాతే.

పెన్సిలు, చిన్న నోటుబుక్కు పక్కనే ఉండాలి. తెలియని ప్రతి మాటకూ డిక్షనరీ తీస్తే కథ ముందుకు కదలదు. ఆ మాట లేకుండా వాక్యం అర్థం కాకపోతేనే వెతకమనండి. యూట్యూబ్ సారాంశాలు మాత్రం ముందే చూడనివ్వకండి.

మే నెల మధ్యాహ్నాలు ఇక్కడ చదువు సాగదు, కరెంటు పోతే ఇక చెప్పక్కర్లేదు. పొద్దున్నే కూర్చోబెట్టండి. అమ్మమ్మగారి ఊరికి బయల్దేరేటప్పుడు పుస్తకం సంచిలో పడిందో లేదో మీరే చూడండి.