పొక్కాళి వరి: ఆటుపోట్ల మీద సాగు

కేరళలో ఎర్నాకుళం, త్రిస్సూర్, అలప్పుళ జిల్లాల తీరపు ముంపు పొలాల్లో పండే పాతకాలపు వరి పొక్కాళి. దీనికి నీరు దొరకడం ఏ మాత్రం కష్టం కాదు, ఆ నీటితో వచ్చిన ఉప్పును సాగనంపడమే అసలు పని. అందుకే ఈ సాగుకు ఆయువుపట్టు గట్టులోని తూము. మలయాళంలోనూ దాన్ని తూంబు అనే అంటారు.

ఇదే పొలంలో నవంబరు నుంచి సాగే రొయ్యల పెంపకం ఏప్రిల్‌లో ముగియగానే గట్లు బాగుచేసుకొని, ఆటు వేళ తూము తలుపు ఎత్తి, నీరు దిగిపోయాక పోటు తిరగకముందే దించివేయాలి. ఆటుపోట్లు రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతాయి కాబట్టి, నిన్నటి వేళకే తలుపు దించితే పొలంలో నీరు పూర్తిగా దిగదు; వారం తిరిగేసరికి ఆటు ఉన్న వేళకు పోటు ఉంటుంది. అమావాస్య, పున్నమి పోట్లు పెద్దవి, ఆ రోజుల్లో గట్టు మీద ఒక కన్నేసి ఉంచాలి.

నేల ఆరిన తరువాత అడుగున మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తు ఉండే మట్టి దిబ్బలు పోయాలి. జూన్ వానలకు దిబ్బలోని ఉప్పు కరిగి కిందికి జారుతుంది, దాన్ని ఆటుతో బయటికి వదలాలి. పొలమంతటిలో ముందుగా ఉప్పు విరిగేది దిబ్బల తలలే కనుక వాటినే చదును చేసి నారుమడిగా వాడుకుంటారు. దిబ్బ మట్టి ఇంకా నాలుకకు ఉప్పగా తగులుతుంటే, ఆలస్యమైనా సరే, మరో వాన కోసం ఆగడమే మేలని నా అభిప్రాయం.

విత్తనాన్ని అరిటాకులు పరిచిన కొబ్బరాకు బుట్టలో కట్టి, 12 నుంచి 15 గంటలు నానబెట్టి, మొలక కనిపించగానే దిబ్బల మీద చల్లాలి. నెల రోజులకు నారు 40 సెంటీమీటర్లు దాటుతుంది. అప్పుడు దిబ్బను పారతో ముక్కలుగా కోసి, ఒక్కో గడ్డలో కొన్ని మొక్కలుండేలా చుట్టూ సర్దాలి. నారు పీకి వేరే నాటే పని ఉండదు. ఇక్కడి నుంచి పోటు తెచ్చే ఒండ్రే ఎరువు, మరేదీ వేయరు.

అక్టోబరు చివరికి నీటిలో నిలబడి కంకులు మాత్రమే కోసి, మిగిలిన గడ్డిని నీటిలోనే కుళ్ళనివ్వాలి, అది రొయ్యలకు మేత. నవంబరులో నీరు మళ్ళీ ఉప్పెక్కగానే, రాత్రి పోటు వేళ తూము పైన దీపం వేలాడదీసి తలుపు ఎత్తితే రొయ్య పిల్లలు ఆ వెలుగు వెంట లోపలికి వస్తాయి.