ఇరుకు బడ్జెట్టులో నగర సేవలను నిలబెట్టడం ఎలా: చెన్నై వార్డు సభ్యులకు, నివాసుల సంఘాలకు కొన్ని సూచనలు

బడ్జెట్ కాపీ చేతికి అందిన రోజున అందరి కళ్ళూ మొదట మొత్తం అంకె మీదికే పోతాయి. ఇన్ని వేల కోట్లని పత్రికల్లో వచ్చే ఆ అంకెను బట్టి మన వీధి దీపం వెలుగుతుందో లేదో, మన పేటలోని ఆరోగ్య కేంద్రానికి మందులు వస్తాయో రావో చెప్పడం సాధ్యం కాదు. వ్యాసర్పాడి, కొరుక్కుపేట, పెరంబూరు వంటి చోట్ల తరతరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాల నుంచి వార్డు సభ్యులుగానో, వార్డు కమిటీల ప్రతినిధులుగానో ముందుకు వస్తున్న వారు, లెక్కలు తమకు అర్థం కావన్న జంకుతో చర్చ రోజున మౌనంగా కూర్చోవడం నేను చూశాను. నగర లెక్కలు ఇంటి లెక్కల కంటే పెద్దవే కాని, వాటి కంటే చిక్కైనవి కావు. స్థానిక సంస్థల పద్దులు తనిఖీ చేసే పనిలో చాలా ఏళ్ళు గడిపిన అనుభవంతో ఈ సూచనలు రాస్తున్నాను.

ముందుగా డబ్బును విడదీయండి

బడ్జెట్‌లో రెండు పెద్ద పద్దులు ఉంటాయి. ఒకటి రెవెన్యూ పద్దు, రెండవది మూలధన పద్దు. జీతాలు, పింఛన్లు, కరెంటు బిల్లులు, చెత్త సేకరణ, మరమ్మతులు, అప్పుల మీద వడ్డీ మొదటి పద్దులోకి వస్తాయి. కొత్త వంతెనలు, వాననీటి కాలువలు, భవనాలు రెండవ పద్దులోకి వస్తాయి. మూలధన పద్దులోకి వచ్చే సొమ్ములో ఎక్కువ భాగం ఫలానా పనికే ఖర్చు చేయాలన్న షరతుతో వచ్చే గ్రాంటు గాని, అప్పు గాని అయి ఉంటుంది. ఉదాహరణకు, కొసస్థలైయారు నది పరీవాహక ప్రాంతంలో కాలువల కోసం ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇచ్చిన రుణంలోంచి ఒక్క రూపాయి కూడా పారిశుధ్య కార్మికుల జీతానికి మళ్ళించడానికి వీలుండదు. అందుచేత "అన్ని కోట్లు ఉండగా దీపాలకు డబ్బు లేదా" అని సభలో అడగడం వినడానికి బాగానే ఉంటుంది కాని, దానికి జవాబు సులువుగా దొరుకుతుంది, దీపం మాత్రం వెలగదు. అడగవలసిన ప్రశ్న వేరు. రెవెన్యూ పద్దులో తప్పనిసరి చెల్లింపులు, అంటే జీతాలు, పింఛన్లు, వడ్డీ, కరెంటు పోగా మిగిలేదెంత? కౌన్సిల్ చేతిలో నిజంగా ఉన్నది ఆ మిగులు మాత్రమే.

ఇక్కడే మరొక సంగతి తెలుసుకోవాలి. చెన్నైలో తాగునీరు, మురుగునీటి వ్యవస్థ కార్పొరేషన్ చేతిలో లేవు. 1978 నాటి చట్టం కింద ఏర్పడిన మెట్రోవాటర్ బోర్డు వాటిని చూస్తుంది, దాని పన్నులూ లెక్కలూ వేరు. వాననీటి కాలువలు మాత్రం కార్పొరేషన్‌వే. వీధిలో నీళ్ళు నిలిచినప్పుడు అవి ఏ గొట్టంలోంచి పొంగాయో తెలియకుండా బడ్జెట్‌లో కేటాయింపు అడిగితే ఆ కాగితం తప్పుడు కార్యాలయానికి చేరి అక్కడే ఆగిపోతుంది.

కోత కంటే ముందు వసూలు

లోటు కనిపించగానే సేవల్లో ఏది తగ్గించాలా అని వెదకడం చాలా చోట్ల అలవాటుగా మారింది. అంతకంటే ముందు, రావలసినది వచ్చిందా అని చూడాలి. కార్పొరేషన్ సొంత రాబడిలో ఆస్తి పన్నుది పెద్ద వాటా. ఇది వీధిని బట్టి, కట్టడపు వైశాల్యాన్ని బట్టి లెక్కకట్టి ఆరు నెలలకొకసారి వసూలు చేసే పన్ను. ఈ పన్ను చరిత్రే ఒక పాఠం. చెన్నైలో 1998 తరువాత ఇరవై ఏళ్ళ దాకా పన్ను రేట్లు మారలేదు. 2018లో పెంచినా 2019లో ఆ పెంపును నిలిపివేశారు. చివరికి 2022లో ఒక్కసారిగా పెంచవలసి వచ్చినప్పుడు పాత నగరంలో 600 చదరపు అడుగుల లోపు ఇళ్ళకు 50 శాతం, 1,800 చదరపు అడుగులు దాటిన వాటికి 150 శాతం పెరిగింది. రెండు దశాబ్దాలకు పైగా కదలని పన్ను ఒకేసారి కదిలితే ఇంటి యజమానికీ కష్టమే, అద్దెదారుకూ కష్టమే. ఏటా కొద్దికొద్దిగా పెంచడం వల్ల ఓట్లు పోతాయన్న భయంతో కౌన్సిళ్ళు వెనుకాడుతాయి కాని, ఆ భయం ఖరీదును అన్నాళ్ళూ మోసినవి మరమ్మతులు లేని రోడ్లూ బడులూ.

మిగిలిన రాబడి మార్గాలు ఇరుకుగానే ఉన్నాయి. వృత్తి పన్ను ఒక మనిషి మీద ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదన్న పరిమితి 1988 రాజ్యాంగ సవరణ నాటిది, అది ఇప్పటికీ మారలేదు. 2017లో జీఎస్టీ వచ్చాక ప్రకటనల పన్ను పోయింది. ఆస్తి పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సుంకం కార్పొరేషన్‌ది కాదు, గ్రంథాలయ శాఖకు చేరవలసినది. కాబట్టి మీ వార్డులో మీరు చేయగలిగిన పని ఒకటే, అది చిన్నదేమీ కాదు. డిమాండు (అంటే రావలసిన పన్ను) ఎంత, వసూలెంత, బకాయి ఎంత అన్న మూడు అంకెలను వార్డు వారీగా జోన్ రెవెన్యూ అధికారి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి, ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. తరువాత వీధుల్లో నడవండి. నివాసపు ఇల్లుగా నమోదై కింద అంతస్తులో దుకాణాలు నడుస్తున్న కట్టడాలు, ఒక అంతస్తుకు పన్ను కట్టి మూడంతస్తులు లేపిన కట్టడాలు మీ కళ్ళకే కనిపిస్తాయి. బకాయిల్లో పెద్దవి సాధారణంగా కొన్ని వాణిజ్య భవనాల దగ్గరే పేరుకుపోయి ఉంటాయి. చిన్న ఇళ్ళ వారి గుమ్మాల ముందు ఒత్తిడి తేవడానికి ముందు ఆ పెద్ద జాబితా సంగతి తేల్చమని పట్టుబట్టడం న్యాయం. అర్ధ సంవత్సరం మొదటి 30 రోజుల్లో, అంటే ఏప్రిల్‌లోనో అక్టోబర్‌లోనో చెల్లించే వారికి 5,000 రూపాయలకు మించకుండా 5 శాతం తగ్గింపు ఉందన్న సంగతి కూడా ఇంటింటికీ చేరాలి. సొమ్ము ముందుగా చేతికి వస్తే కాంట్రాక్టర్లకు బిల్లులు ఆలస్యం కావు. బిల్లు ఆలస్యమవుతుందని తెలిసిన కాంట్రాక్టరు టెండర్‌లోనే ఆ ఆలస్యానికి ధర కలిపి వేస్తాడు.

కట్టడం కంటే నడపడం ఖరీదు

ఈ మొత్తంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచినది ఇది. ఒక పట్టణంలో తనిఖీకి వెళ్ళినప్పుడు, ఆ పురపాలక కార్యాలయపు దస్త్రాల్లో "పని పూర్తి అయినది" అని ఎర్ర సిరాతో రాసి ఉన్న ఒక సామూహిక మరుగుదొడ్డిని చూడడానికి వెళ్ళాను. ప్రారంభించి ఏడాది కూడా కాలేదు. గోడల పలకలు దుమ్ము కింద ఇంకా కొత్తగా మెరుస్తున్నాయి. తలుపుకు వేసిన తాళం తుప్పుపట్టి ఉంది, నీటి మోటారు ఉండవలసిన చోట రెండు తీగలు గోడలోంచి బయటికి వేలాడుతున్నాయి. కట్టడానికి గ్రాంటు వచ్చింది, మోటారుకు కరెంటు బిల్లు ఎవరు కట్టాలో, ఊడ్చే మనిషికి జీతం ఏ పద్దులోంచి ఇవ్వాలో మాత్రం ఎవరూ రాయలేదు. పక్క వీధి దాకా నడిచి వెళుతున్న ఆడవాళ్ళలో ఒక పెద్దావిడ, "తాళం తీయించే అధికారం మీకుందా బాబూ?" అని అడిగింది. నాకు లేదు. ఆ తాళం బడ్జెట్ రాసిన రోజే పడింది.

అందువల్ల ఏ కొత్త నిర్మాణపు ప్రతిపాదన వచ్చినా, పదేళ్ళ నిర్వహణ ఖర్చు ఎంతో, అది ఏ పద్దు నుంచి వస్తుందో రాసి జతచేయమని అడగండి. లెక్క కోసం 80 లక్షల రూపాయలతో ఒక పార్కు కట్టారనుకుందాం. తోటమాలి, కాపలా, నీళ్ళు, దీపాలు కలిపి నెలకు 60 వేలు అయితే ఏడాదికి 7 లక్షల 20 వేలు, పదేళ్ళకు 72 లక్షలు. కట్టిన ఖర్చుకు దాదాపు సమానమైన మొత్తం రెవెన్యూ పద్దు మీద, ఎవరూ చేయెత్తి ఓటు వేయకుండానే పడిపోయింది. ఇలాంటివి పది చేరితే వచ్చే ఏడాది లోటు ఎక్కడి నుంచి వచ్చిందో వెదకనక్కరలేదు. పార్కు వద్దని నేను అనడం లేదు. ఉన్న పార్కుల దీపాలు వెలిగాకే కొత్త పార్కుకు శంకుస్థాపన చేయండి అంటున్నాను.

ఈ నగరానికి ఇందులో నూరేళ్ళ అనుభవం ఉంది. 1920లో, పిట్టి త్యాగరాయ చెట్టి కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు రోజుకు తలకు ఒక అణాకు మించని ఖర్చుతో మధ్యాహ్నం తిండి పెట్టాలని కౌన్సిల్ తీర్మానించింది. టి. నగర్ (త్యాగరాయ నగర్) రూపంలో ఇప్పటికీ ఆయన పేరు నిలిచి ఉంది, మన భాష మాట్లాడిన కుటుంబంలో పుట్టిన మనిషి. అయితే ఆ సొమ్మును ప్రాథమిక విద్యా నిధి నుంచి ఖర్చు చేయడానికి వీల్లేదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 1925లో ఆ పథకానికి గండి పడింది. ఆలోచన ఎంత మంచిదైనా, దానికంటూ ఒక నిలకడైన పద్దు లేకపోతే ఒక్క ఉత్తరంతో పళ్ళెం ఖాళీ అవుతుంది.

వానకు ముందు, వానకు తరువాత

చెన్నై బడ్జెట్ ఏప్రిల్‌లో మొదలవుతుంది, నగరానికి అసలు పరీక్ష అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఉంటుంది. 2015 వరదలు, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను ఆ నెలల్లో వచ్చినవే. కాలువల్లో పూడిక తీయడానికి ఎంత కేటాయించారన్నది సగం ప్రశ్న, ఏ నెలలో టెండర్ పిలుస్తారన్నది మిగతా సగం. సెప్టెంబర్ ముగిసేలోగా పని కాకపోతే ఆ సొమ్ము ఖర్చయినట్టే, పని జరగనట్టే. అంచనా కాగితంలో పూడికను తరలించే లారీ బాడుగ ఉందో లేదో కూడా చూడండి. తవ్వి తీసిన నల్లటి బురదను కాలువ మూత పక్కనే కుప్పపోసి వదిలేస్తే, మొదటి పెద్ద వానకే అది మళ్ళీ అదే కాలువలోకి జారుతుంది. వీటితో పాటు, తుఫాను తరువాత పంపుల బాడుగకు, సహాయ కేంద్రాల్లో భోజనాలకు కొంత నిల్వ ఉంచమని అడగాలి. అది లేని ఏడాది ఆ ఖర్చంతా మరమ్మతుల పద్దులోంచే పోతుంది.

తగ్గించక తప్పనప్పుడు

అన్నిటిలోనూ పది శాతం కోయడం న్యాయంగా కనిపించే అన్యాయం. పది శాతం తగ్గినా అలంకార దీపాల పనికి నష్టం లేదు, ప్రసవాలు చూసే ఆరోగ్య కేంద్రంలో మాత్రం పది శాతం తగ్గితే ఒక నర్సు ఉండదు. ఈ సేవ ఆగితే దీన్ని వాడుకునే వారికి మరో దారి ఉందా అన్నదే కోతకు కొలబద్ద కావాలి. కార్పొరేషన్ బడి, ఆరోగ్య కేంద్రం, సామూహిక మరుగుదొడ్డి, రాత్రి ఆశ్రయ కేంద్రం వాడుకునే వారికి మరో దారి ఉండదు. కొత్త తోరణాలు, బాగున్న నడకదారిని తవ్వి మళ్ళీ పలకలు పరచడం వంటివి ఏడాది ఆగగలవు.

అమ్మ ఉణవగం సంగతి తరచూ చర్చకు వస్తుంది. 2013లో మొదలైన ఈ క్యాంటీన్లలో రూపాయికి ఇడ్లీ, ఐదు రూపాయలకు సాంబారన్నం, మూడు రూపాయలకు పెరుగన్నం పెట్టారు. ఆ ధరకు ఖర్చు గిట్టదని మొదటి రోజు నుంచే తెలుసు కాబట్టి, దాన్ని నష్టంలో ఉన్న వ్యాపారంగా చూడడం సరికాదని నా అభిప్రాయం. ఆ సబ్సిడీని విడిగా ఒక పద్దు కింద చూపించాలి, ఒక్కో చోట రోజుకు ఎంతమంది తింటున్నారో లెక్క ఉండాలి. జనం రాని చోటి నుంచి ఆసుపత్రి దగ్గరికో, కూలీలు పొద్దున్నే గుమికూడే కూడలికో మార్చాలి. అన్ని చోట్లా పప్పు పలుచన చేయడం పొదుపు కాదు.

చెత్త సేకరణ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఈ నగరాన్ని ఊడ్చే వారిలో తెలుగు మాతృభాషగా గల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్లలో ఆ పనిని ప్రైవేటు వారికి అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ 2025 ఆగస్టులో కార్మికులు కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిప్పన్ భవనం ఎదుట రోజుల తరబడి బైఠాయించారు. కాంట్రాక్టు వల్ల ఆదా అవుతుందని చెప్పినప్పుడు, ఆ ఆదా యంత్రాల వల్ల వస్తోందా, మనుషుల కూలి తగ్గడం వల్ల వస్తోందా అని సభలో అడిగి జవాబును రికార్డులో చేర్పించండి. రెండవది అయితే అది ఆదా కాదు, నగరపు ఖర్చును ఆ ఇళ్ళ మీదికి తోయడం.

అప్పు దేనికి చేయవచ్చు

2025 మేలో చెన్నై కార్పొరేషన్ మొదటిసారిగా మునిసిపల్ బాండ్ల (మదుపరుల నుంచి వడ్డీకి అప్పు తీసుకునే పత్రాల) ద్వారా దాదాపు 200 కోట్ల రూపాయలు, 8 శాతానికి కాస్త తక్కువ వడ్డీకి సేకరించింది. కొడుంగైయూరు చెత్తదిబ్బను తవ్వి శుభ్రం చేసే పనికి ఆ సొమ్ము ఉద్దేశించినది. మన దేశంలో బెంగళూరు ఇలాంటి బాండ్లను 1997లోనే జారీచేసింది. పదిహేను ఇరవై ఏళ్ళు ఉపయోగపడే దానికి అప్పు చేయవచ్చు, జీతాలకూ కరెంటు బిల్లులకూ చేయరాదు. వడ్డీ వచ్చే ఏడాది తప్పనిసరి చెల్లింపుల్లో చేరి, మొదట చెప్పిన ఆ మిగులును తగ్గిస్తుందని మరువకండి.

సభలో ఎప్పుడు, ఎలా అడగాలి

2016 చివర నుంచి 2022 మార్చి దాకా చెన్నైకి ఎన్నికైన కౌన్సిలే లేదు, బడ్జెట్లను అధికారులే రూపొందించారు. ఇప్పుడు 200 వార్డులకు సభ్యులున్నారు, 2022 నాటి నియమాల కింద వార్డు కమిటీలు, ఏరియా సభలు (వార్డులోని ఒక్కో ప్రాంతపు నివాసుల సభలు) ఉన్నాయి. అయితే బడ్జెట్ చదివే రోజుకు అంకెలు గట్టిపడిపోయి ఉంటాయి. అందుచేత అక్టోబర్, నవంబర్ నెలల్లోనే ఏరియా సభ పెట్టి, మరమ్మతుల జాబితాను వరుసక్రమంతో, మూడు పనులకు మించకుండా తీర్మానించండి. ముప్పై పనులు అడిగితే అధికారి తనకు అనువైన మూడింటిని ఎంచుకుంటాడు. డిసెంబర్‌లో దాన్ని జోన్ కార్యాలయానికి, పన్నులు, ఆర్థిక వ్యవహారాల స్థాయీ సంఘానికి ఇచ్చి రసీదు తీసుకోండి. వ్యవహారమంతా తమిళంలో నడుస్తుంది. తమిళం మాట్లాడడం వచ్చి చదవడం రాని వారు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు కనుక, తీర్మానం రాసేటప్పుడు బాగా చదవగల కుర్రవాణ్ణో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

బడ్జెట్ ప్రతి వచ్చాక మూడు నిలువు వరుసలు పక్కపక్కన పెట్టి చదవండి. అవి నిరుటి అసలు ఖర్చు, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. మరమ్మతుల పద్దులో నిరుడు పది కోట్లు రాసి నాలుగే ఖర్చు చేసి ఈసారి మళ్ళీ పది రాసి ఉంటే, ఆ ఆరు కోట్ల పని ఎందుకు ఆగిందో అడగండి. జవాబు వచ్చేదాకా ఆ వరుస మీద వేలు తీయకండి.