హైబ్రిడ్ క్లబ్ మాట వినట్లేదా? లోపం ఎక్కడుందో, ఎలా సరిచేయాలో

విజయవాడ, గుంటూరు వైపు గోల్ఫ్ నేర్చుకుంటున్నవాళ్ళలో చాలామందిది ఒకటే పరిస్థితి. వారమంతా డాబా మీద కట్టుకున్న నెట్‌లోకి కొడతారు. తీరిక దొరికినప్పుడు హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కనున్న కోర్సుకో, విశాఖలో ఈస్ట్ పాయింట్‌కో వెళ్ళి ఒక రౌండ్ ఆడి వస్తారు. 7 ఐరన్ (పలకలాంటి లోహపు తల ఉండే క్లబ్, నంబర్ తగ్గేకొద్దీ పొడవు, దూరం పెరుగుతాయి) దాకా చెయ్యి బాగానే తిరుగుతుంది. చిక్కంతా 150 గజాలు దాటాకే. పొడవు ఐరన్లు లొంగట్లేదని హైబ్రిడ్, అంటే ఐరన్‌కీ వుడ్‌కీ మధ్యరకం క్లబ్ కొంటారు. కొన్నాక బంతి ఎడమకి పోతోందనో, నేల మీద దొర్లుతోందనో మొదలవుతుంది.

ఈ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రెండు కారణాల దగ్గరే తేలతాయి. ఒకటి, లాఫ్ట్ (బంతికి తగిలే ముఖం, అంటే ఫేస్, వెనక్కి వాలిన కోణం) చూడకుండా నంబర్ చూసి కొనడం. రెండోది, తల వుడ్‌లా (దూరం కొట్టడానికి వాడే లావు తల క్లబ్‌లా) ఉంది కదా అని వుడ్‌ని కొట్టినట్టు కొట్టడం. హైబ్రిడ్‌ని ఐరన్‌లాగే కొట్టాలి. కింద చెప్పినవన్నీ ఈ మాటకి లోబడినవే. కుడిచేతి వాటం వాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, ఎడమచేతి వాటం వాళ్ళు దిక్కులు మార్చి చదువుకోండి.

5 ఐరన్, 6 ఐరన్ రెండూ ఒకే దూరం పోతున్నాయి

మీకు హైబ్రిడ్ అవసరం పడిందని చెప్పే మొదటి గుర్తు ఇదే. లాఫ్ట్ తగ్గేకొద్దీ బంతిని గాల్లోకి లేపడానికి ఎక్కువ వేగం కావాలి. మీ స్వింగ్‌లో అంత వేగం లేనప్పుడు 5 ఐరన్ బంతి కిందుగా పోయి తొందరగా నేలకి దిగుతుంది. 6 ఐరన్‌తో కొట్టింది కూడా అక్కడికే చేరుతుంది. ఇంకా గట్టిగా కొట్టడం దీనికి మందు కాదు. హైబ్రిడ్ తలలో బరువు కిందికి, ఫేస్ నుంచి వెనక్కి జరిగి ఉంటుంది కాబట్టి అదే వేగానికి బంతి ఇంకాస్త పైకి లేస్తుంది.

ఏది కొనాలన్న దగ్గర నంబర్‌ని నమ్మకండి. "4 ఐరన్ తీసేసి 4 హైబ్రిడ్ పెట్టు" అనే సలహా పాత సెట్లకి సరిపోయేది. ఇప్పటి ఐరన్లలో లాఫ్ట్ బాగా తగ్గించేశారు. ఒకప్పుడు 6 ఐరన్ 30 డిగ్రీలకి అటూ ఇటూ ఉండేది, ఇప్పుడు కొత్తవాళ్ళ కోసం చేసే సెట్లలో 26, 27 డిగ్రీలవి మామూలే. హైబ్రిడ్లలో 3వ నంబర్ సుమారు 19 నుంచి 21 డిగ్రీలు, 4వది 22 నుంచి 24, 5వది 25 నుంచి 27 డిగ్రీలు ఉంటుంది, కంపెనీని బట్టి కాస్త తేడా వస్తుంది. అందుకే ముందు పదింట్లో ఏడు సార్లయినా శుభ్రంగా కొట్టగలిగే మీ పొడవైన ఐరన్ ఏదో తేల్చుకోండి. దాని లాఫ్ట్ ఎంతో చూడండి. దానికంటే మూడు, నాలుగు డిగ్రీలు తక్కువున్న హైబ్రిడ్ తీసుకోండి. మీ 6 ఐరన్ 27 డిగ్రీలైతే 23, 24 డిగ్రీలది చాలు. హైబ్రిడ్ షాఫ్ట్ (కర్ర) ఐరన్ కంటే కొంచెం పొడవు కాబట్టి అంత తేడాకే పది, పదిహేను గజాలు కలిసొస్తాయి.

షాపులో 18 డిగ్రీలది చేతిలో పెట్టి 200 గజాలు పోతుందంటే ఆశపడొద్దని గట్టిగా చెబుతాను. నేర్చుకునే దశలో దాంతో బంతిని లేపడమే కష్టం. బ్యాగులో 14 క్లబ్బులకి మించి ఉండకూడదు, కాబట్టి హైబ్రిడ్ వచ్చాక ఆ 5 ఐరన్‌ని ఇంట్లో పెట్టేయండి.

బంతి నేల మీద దొర్లుకుంటూ పోతోంది, లేదా క్లబ్ ముందే నేలకి తగులుతోంది

రెండూ వేరు వేరు తప్పుల్లా కనిపిస్తాయి, మూలం మాత్రం ఒక్కటే. బంతిని లేపాలని మనసులో ఉంటుంది. ఆ తొందరలో బరువు కుడికాలి మీదే ఆగిపోయి, మణికట్లు ముందే తిరిగిపోతాయి. స్వింగ్‌లో అన్నిటికంటే కింది బిందువు బంతికి వెనకకి జరిగిపోతుంది. క్లబ్ నేలని తాకితే బంతి సగం దూరంలో పడుతుంది, నేలకి తగలకుండా పైకి లేస్తే బంతి నడినెత్తిన తగిలి దొర్లుతుంది.

నిలబడే తీరుతో మొదలుపెట్టండి. అన్నిటికంటే పొడవైన క్లబ్ డ్రైవర్‌కి పెట్టినట్టు బంతిని ఎడమ మడమకి ఎదురుగా పెట్టకండి. మడమ గీత నుంచి ఒకటి, రెండు బంతుల వెడల్పు లోపలికి, అంటే పాదాల మధ్యకి కాస్త ఎడమగా ఉండాలి. చేతులు బంతికి కొద్దిగా ముందుండాలి. దిగేటప్పుడు బరువు ఎడమకాలి మీదికి రావాలి. క్లబ్ ముందు బంతిని తాకి, ఆ తర్వాత గడ్డిని రాసుకుంటూ పోవాలి. పొట్టి ఐరన్‌లా పెద్ద డివట్ (గడ్డి పెళ్ళ) లేవక్కర్లేదు, గడ్డి నలిగితే చాలు.

ఇక్కడే నెట్‌తో పెద్ద మోసం ఉంది. డాబా మీద మ్యాట్ వేసి కొడుతుంటే, క్లబ్ బంతికి ముందే మ్యాట్‌ని తాకినా జారి బంతిదాకా వెళ్ళిపోతుంది. చప్పుడు బాగానే వస్తుంది, బంతి నెట్‌లో గట్టిగానే తగులుతుంది. కోర్సుకి వెళ్ళి గడ్డి మీద అదే కొడితే క్లబ్ నేలలో దిగబడుతుంది. అందుకని బంతి వెనక జానెడు దూరంలో మడతపెట్టిన తువ్వాలు పరిచి కొట్టండి. తువ్వాలు కదిలిందంటే తప్పు జరిగినట్టే.

ఊరి అవతల నల్లరేగడి నేల మీద కొట్టుకునే వీలుంటే ఇంకా మంచిది. వాన కురిసి ఒకటి రెండు రోజులు ఆరిన నేల మీద సుద్దముక్కతో అడ్డగీత గీసి, బంతి లేకుండా స్వింగ్ చేయండి. క్లబ్ నేలని ఎక్కడ రాసిందో అచ్చు వేసినట్టు కనిపిస్తుంది. ఆ మచ్చ గీతకి ముందువైపు, అంటే బంతి వెళ్ళే వైపు పడాలి. వెనక పడుతున్నంతకాలం బంతి పెట్టి కొట్టడం వల్ల ఉపయోగం లేదు. ఎండాకాలంలో ఇదే నేల పగుళ్ళిచ్చి రాయిలా గట్టిపడుతుంది, అప్పుడు ఈ సాధన వద్దు. క్లబ్ సోల్ (తల అడుగు భాగం) పాడవుతుంది, మణికట్టు నొప్పి పడుతుంది.

బంతి పదేపదే ఎడమకి తిరుగుతోంది

హైబ్రిడ్ మీద వినిపించే పెద్ద ఫిర్యాదు ఇది. చాలామంది వెంటనే తమ స్వింగ్‌ని అనుమానిస్తారు. ముందు క్లబ్‌ని చూడమంటాను. కుడికి పోయే బంతిని ఆపడానికని చాలా హైబ్రిడ్లలో బరువుని తల మడమవైపు, అంటే షాఫ్ట్ వైపు పెడతారు, లై యాంగిల్ (షాఫ్ట్ నేలతో చేసే కోణం) నిటారుగా ఉంచుతారు. కుడికి పోయే అలవాటున్నవాళ్ళకి అది వరం. తిన్నగా కొట్టేవాళ్ళకి మాత్రం అదే బంతిని ఎడమకి లాగుతుంది.

క్లబ్‌ని తిరగేసి సోల్ చూడండి. విజయవాడ పటమటలో ఒక మిత్రుడి క్లబ్ ఇలాగే వెలుతురులో పట్టి చూశాం. గీతలన్నీ షాఫ్ట్‌కి దగ్గరున్న మడమవైపే గుంపుగా ఉన్నాయి, రెండో కొస, అంటే ముక్కు వైపు పెయింట్ కొత్తదానిలా మెరుస్తోంది. అంటే తగిలే సమయానికి ముక్కు గాల్లో లేచి ఉంటోందన్నమాట. అలా లేచిన ఫేస్ ఎడమకే చూస్తుంది. నిలబడేటప్పుడు చేతులు కాస్త ఎత్తి, గ్రిప్‌ని అంగుళం కిందికి పట్టుకుంటే చాలామందికి సగం ఎడమ అక్కడే తగ్గిపోతుంది.

తర్వాత షాఫ్ట్ మెడ దగ్గర తిప్పుకునే స్లీవ్ ఉందేమో చూడండి. లాఫ్ట్ పెంచే వైపు తిప్పితే ఫేస్ మూసుకుంటుంది, తగ్గించే వైపు తిప్పితే తెరుచుకుంటుంది. బంతి లేవట్లేదని లాఫ్ట్ పెంచినవాళ్ళకి ఎడమ సమస్య ఎక్కువవడానికి ఇదే కారణం. స్లీవ్ లేని క్లబ్‌ని వంచాలనుకుంటే మాత్రం తొందరపడొద్దు. ఆటోనగర్‌లో ఇనుముతో చేయలేని పని లేదు, కానీ మెడ దగ్గర మంట పెడితే లోపలి జిగురు, గ్రాఫైట్ షాఫ్ట్ రెండూ పోతాయి. క్లబ్ ఫిట్టింగ్ తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

మూడోది షాఫ్ట్ బరువు. ఐరన్లకి వంద గ్రాముల స్టీల్ షాఫ్ట్ ఉండి, హైబ్రిడ్‌కి యాభై, అరవై గ్రాముల గ్రాఫైట్ ఉంటే చేతికి అది తేలిపోయినట్టుంటుంది. చేతులు ముందే తిరిగి ఫేస్ మూసుకుపోతుంది. ఎనభై గ్రాములకి దగ్గరున్న షాఫ్ట్ వాడి చూడండి.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే అప్పుడు మీ వైపు చూసుకోండి. బంతి మరీ ముందుకి ఉంటే క్లబ్ అక్కడికి చేరేసరికి ఫేస్ మూసుకుపోయి ఉంటుంది. ఎడమచేతి పిడికిలి మీద మూడు, నాలుగు కణుపులు కనిపిస్తుంటే పట్టు బలంగా ఉన్నట్టు, చేతిని కొంచెం ఎడమకి తిప్పి రెండు కణుపులు కనిపించేలా పట్టుకోండి.

నెట్‌లో బంతి వంపు కనిపించదు కదా అంటారు. నిజమే. కానీ బంతి బయల్దేరే దిక్కు ఎక్కువగా ఫేస్‌ని బట్టే ఉంటుంది. నెట్ మధ్యలో నిలువుగా ఒక రిబ్బన్ కట్టండి, బంతి దానికి ఏ వైపు తగులుతోందో చూస్తే ఫేస్ సంగతి తెలిసిపోతుంది. బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెట్టి, ఆ చుక్కని ఫేస్ వైపు ఉంచి కొడితే, ఎక్కడ తగిలిందో ఫేస్ మీద మచ్చ పడుతుంది. గుడ్డతో తుడిస్తే పోతుంది. మచ్చ మడమ దగ్గర పడుతుంటే బంతికి మరీ దగ్గరగా నిలబడుతున్నారేమో చూసుకోండి.

వేగంగా కొట్టే కుర్రాళ్ళకి ఇన్ని చేసినా ఎడమ పోకపోతే ఆ క్లబ్ వాళ్ళకి నప్పదు. 7 వుడ్డో, డ్రైవింగ్ ఐరనో కొట్టి చూడాలి.

పైకి బాగా లేస్తోంది, దూరం పోవట్లేదు

మార్కర్ మచ్చ ఫేస్ పై అంచున పడుతోందా? టీ (బంతిని నిలిపే చిన్న పుల్ల) ఎత్తు ఎక్కువైంది. హైబ్రిడ్‌కి టీ పావు అంగుళం పైకి కనిపిస్తే చాలు. రఫ్‌లో (దారి పక్కన పెరిగిన పొడవు గడ్డిలో) బంతి గడ్డి మీద తేలుతున్నప్పుడూ ఇలాగే అవుతుంది, అప్పుడు క్లబ్‌ని నేలకి ఆనించకుండా బంతి ఎత్తులోనే పట్టుకుని, పక్కనుంచి ఊడ్చినట్టు కొట్టండి.

గ్రీన్ మీద పడి ఆగకుండా అవతలికి దొర్లిపోతోంది

లాఫ్ట్ తక్కువైంది, లేదా మీరు నేలని చూసుకోకుండా కొడుతున్నారు. మే నెలలో గట్టిపడిన గ్రీన్ (జెండా ఉండే పొట్టి గడ్డి చోటు) మీద 20 డిగ్రీల క్లబ్‌తో జెండా మీదికే కొడితే ఎవరికీ ఆగదు. గ్రీన్‌కి ముందు పది, పదిహేను గజాల్లో పడేసి దొర్లనివ్వండి. వాన పడి మెత్తబడ్డాక నేరుగా కొట్టొచ్చు. సరైన చేతుల్లో హైబ్రిడ్ ఎంత మెత్తగా దిగుతుందో చూడాలంటే 2009 పీజీఏ చాంపియన్‌షిప్ చివరి హోల్ వీడియో వెతకండి. అమెరికాలోని హేజెల్టైన్ కోర్సులో కొరియా ఆటగాడు వై.ఇ. యాంగ్ 206 గజాల నుంచి హైబ్రిడ్‌తో కొట్టిన బంతి జెండా దగ్గర ఆగింది. ఆ రోజు ఆయన టైగర్ వుడ్స్‌ని ఓడించి, మేజర్ (గోల్ఫ్‌లోని నాలుగు పెద్ద టోర్నీల్లో ఒకటి) గెలిచిన తొలి ఆసియా పురుషుడయ్యాడు.

రఫ్‌లో, ఇసుకలో మొరాయిస్తోంది

బంతి సగమైనా కనిపిస్తుంటే హైబ్రిడ్ మంచి ఎంపిక. బంతిని ఇంకో వెడల్పు వెనక్కి జరిపి, ఎడమచేతి పట్టు బిగించి, నిటారుగా దించండి. బంతి గడ్డిలో పూర్తిగా కూరుకుపోతే వెడ్జ్ (లాఫ్ట్ ఎక్కువున్న పొట్టి క్లబ్) తీసి బయటపడటమే మేలు. ఫెయిర్‌వే బంకర్‌లో (దారిలో ఉండే ఇసుక గుంటలో) వెడల్పాటి సోల్ ఇసుక మీద తేలి బంతి నడుముకి తగులుతుంది. బంతి శుభ్రంగా పైన కూర్చుని, ముందు గట్టు తక్కువగా ఉంటేనే వాడండి.

గ్రీన్ అంచున గడ్డి పలచబడి నేల గట్టిగా ఉన్నప్పుడు మాత్రం ఇది భలే పనికొస్తుంది. గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్ పట్టరులా పట్టుకుని, గ్రిప్ బాగా కిందికి పట్టి, మణికట్లు కదపకుండా నెట్టండి. 2004 బ్రిటిష్ ఓపెన్‌లో టాడ్ హామిల్టన్ స్కోరు సమానమయ్యాక ఆడే ప్లేఆఫ్ చివరి హోల్‌లో గ్రీన్ బయటి నుంచి ఇలాగే హైబ్రిడ్‌తో దొర్లించి ఎర్నీ ఎల్స్ మీద గెలిచాడు.

క్లబ్ చేతిలో జారుతోంది, తలలో ఏదో గలగలమంటోంది

జారడానికి కారణం మన చెమట, ఉక్కపోత. గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బుతో గ్రిప్ కడిగి నీడలో ఆరబెట్టండి. కడిగినా నున్నగానే ఉంటే మార్చే సమయం వచ్చినట్టు, ఈసారి దారం కలిసిన కార్డ్ గ్రిప్ వేయించుకోండి. తోలు గ్లవ్స్ రెండు జతలు పెట్టుకుని మార్చుకుంటూ ఆడితే తడవవు.

గలగల చప్పుడు చాలాసార్లు లోపల ఊడిన జిగురు పలుకుది. ఆటకి అడ్డం కాదు, చిరాకైతే ఫిట్టర్ దగ్గర తీయించుకోవచ్చు. తల షాఫ్ట్ మీద కొద్దిగా తిరుగుతుంటే మాత్రం అది ప్రమాదం. వెంటనే ఆడటం ఆపి, మళ్ళీ జిగురు పెట్టించండి, ఊడిన తల పక్కవాళ్ళకి తగలొచ్చు. బెజవాడ ఎండలో నిలిపిన కారు డిక్కీలో క్లబ్బులు రోజుల తరబడి వదిలేస్తే ఈ జిగురే మెత్తబడి పట్టు కోల్పోతుంది. రౌండ్ అయి ఇంటికి రాగానే బ్యాగ్ దించి లోపల పెట్టండి.