టార్పెడో (ఓడల మీదికి నీటిలో వదిలే బాంబు) విమానం పైలట్ ఛాతీ మీది రిబ్బన్లు చదవడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా నేవీ పైలట్ ఫోటో దొరికింది, ఆయనకు ఏయే శౌర్య పతకాలు వచ్చాయో తెలుసుకోవాలి. ఇందులో కష్టమైన మెట్టు ఒక్కటే, కానీ దాదాపు అందరూ అక్కడే తప్పు చేస్తున్నారు, అది చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

ఫోటోని పెద్దగా స్కాన్ చేసుకోండి, ఒక స్కేలు పెట్టుకోండి, చాలు. రిబ్బన్లు, అంటే పతకాలకు బదులు యూనిఫాం మీద పెట్టుకునే చిన్న రంగు పట్టీలు, ఆయన ఎడమ ఛాతీ మీద, అంటే మనకు కుడివైపు ఉండాలి, లేకపోతే ఫోటో అద్దంలోలా కుడిఎడమలు మారినట్టు. పై వరుస నుంచి మొదలుపెట్టి మన ఎడమ నుంచి కుడికి చదవండి, హోదాలో పెద్ద పతకం ముందొస్తుంది. నేవీ క్రాస్ అనే శౌర్య పతకం రిబ్బన్ ముదురు నీలం, మధ్యలో తెల్ల గీత. 1942 ఆగస్టులో దాన్ని అక్కడి అత్యున్నత శౌర్య పతకం మెడల్ ఆఫ్ ఆనర్ తర్వాతి స్థానానికి పెంచారు, కాబట్టి ఫోటో ఎప్పటిదో కూడా చూసుకోండి. బ్లాక్ అండ్ వైట్‌లో రంగుని నమ్మకండి, కొన్ని పాత ఫిల్ముల్లో ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. గీతలు ఎక్కడున్నాయో, ఎంత వెడల్పో చూడాలి. తర్వాత రంగులద్దిన ఫోటోలు అసలు వాడకండి.

ఇక నక్షత్రాలు. ఇక్కడ తొందరపడొద్దు.

అదే పతకం రెండోసారి వస్తే నేవీలో ఇంకో పతకం తగిలించరు, ఉన్న రిబ్బన్ మీదే చిన్న బంగారు నక్షత్రం పెడతారు. దాన్ని "గోల్డ్ స్టార్ అనే పతకం" అని రాసేస్తున్నారు, అలాంటి శౌర్య పతకమే లేదు. యుద్ధంలో మనిషిని పోగొట్టుకున్న ఇంటివాళ్లను అక్కడ గోల్డ్ స్టార్ కుటుంబం అంటారు, అది పూర్తిగా వేరు. యుద్ధరంగ సేవా రిబ్బన్ల మీద కంచు నక్షత్రాలుంటాయి, అవి పాల్గొన్న పోరాటాల లెక్క, బ్రాంజ్ స్టార్ మెడల్ అనే వేరే పతకం కాదు. ఆ మెడల్ మొదలైందే 1944లో, 1943 నాటి ఫోటోలో ఎలా ఉంటుంది?

నలుపు తెలుపులో బంగారం, కంచు ఒకేలా ఉంటాయి కదా, అందుకే స్కేలు. రిబ్బన్ ఎత్తు సుమారు 9.5 మిల్లీమీటర్లు. బంగారు నక్షత్రం 8, అంటే దాదాపు పైనుంచి కింది దాకా నిండుతుంది. కంచుది 5, సగమే.

నేవీ పైలట్ ఆల్బర్ట్ ఎర్నెస్ట్‌ని తీసుకోండి. 1942 జూన్ 4న జపాన్‌తో పోరులో పసిఫిక్‌లోని మిడ్వే దీవి నుంచి వెళ్లిన ఆరు అవెంజర్ టార్పెడో విమానాల్లో ఆయనది ఒక్కటే తిరిగొచ్చింది. ముక్కుని పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ కేబుళ్లు తెగి, కంపాస్ పోయి, ఒక చక్రం దిగకపోయినా ట్రిమ్ ట్యాబ్ అనే తోకలోని చిన్న పలకతో నెట్టుకొచ్చి దించాడు. దాడికి ఒక నేవీ క్రాస్, విమానాన్ని వెనక్కి తెచ్చినందుకు ఇంకొకటి, ఆగస్టులో ఈస్టర్న్ సోలమన్స్ పోరుకి మూడోది. ఛాతీ మీద మాత్రం కనిపించేది ఒకే రిబ్బన్, రెండు నక్షత్రాలు. నక్షత్రాలు మాత్రమే లెక్కపెడితే ఒక పతకం పోయినట్టే! అందుకే పేరు వెతికి జాబితా దించుకునే పద్ధతి నాకు నచ్చదు, ఫోటో పక్కన సైటేషన్లు (పతకం ఎందుకిచ్చారో చెప్పే అధికారిక పత్రాలు) పెట్టుకుని ఒక్కోదానికి ఒక్కో నక్షత్రాన్ని సరిచూడండి, మొదటిదానికి రిబ్బనే లెక్క.

నీలం, పసుపు, ఎరుపు అడ్డపట్టీలతో ఉన్నది ప్రెసిడెన్షియల్ యూనిట్ సైటేషన్, అది దళం మొత్తానికి ఇచ్చే గుర్తింపు, దాన్ని ఒక్కరి ఖాతాలో వేయకండి. ఎర్నెస్ట్ ఉన్న టార్పెడో స్క్వాడ్రన్ 8కి అది వచ్చింది, మిడ్వేలో ఆ దళం విమానాల్లో ఎగిరిన 48 మందిలో 45 మంది చనిపోయారు.