కాళ్ల కింద రాయి ఏదో పోల్చుకోవడం ఎలా

హైదరాబాద్‌లో నడిచేటప్పుడు నా చూపు ముందు కాళ్ల కిందకే పోతుంది. బూడిదరంగు పలకలు కనిపిస్తే చాలావరకు షాబాద్ బండలు గానీ, తాండూరు బండలు గానీ అయి ఉంటాయి. రెండూ సున్నపురాయే. అనుమానముంటే ఇంట్లో మిగిలిన ముక్క మీద రెండు చుక్కల నిమ్మరసం వేయండి. సన్నగా నురగ వస్తే సున్నపురాయి. గ్రానైటైతే ఉలకదు, పలకదు. అందుకే ఈ బండలున్న ఇంటిని యాసిడ్‌తో కడగొద్దంటాను, నునుపంతా పోతుంది.

గ్రానైట్ చూడాలంటే 1935 నాటి మొజంజాహీ మార్కెట్ గోడ దగ్గర ఆగండి. గింజలు విడివిడిగా కనిపిస్తాయి. నిమ్మకాయ మాత్రం జేబులోంచి తీయకండి!

పాతబస్తీ ఇళ్లలో పూత చూడాలి. రాలినచోట తెల్లపొడి వేలికి అంటితే డంగుసున్నం, అంటే గానుగలో రుబ్బిన పాతకాలపు సున్నపు పూత. బూడిదరంగు గట్టి పెచ్చయితే తర్వాతెవరో పూసిన సిమెంటు. దానివల్ల లోపలి చెమ్మ బయటికి పోక పూత ఉబ్బి ఊడుతుంది. మేస్త్రీ ఎంత నచ్చజెప్పినా అక్కడ సున్నమే పూయించండి.