రాజాంలో కూర్చుని గ్రహశకలాన్ని వెతకడం ఎలా?

గ్రహశకలం కనిపెట్టాలంటే సొంత టెలిస్కోపు ఉండాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. విండోస్ లాప్‌టాప్, నెట్, కాస్త ఓపిక ఉంటే చాలు. శ్రావణ మాసంలో శ్రీకాకుళమంతా మబ్బు పట్టినా మన పని ఆగదు. మనం చూసే ఫొటోలు హవాయిలోని పాన్‌స్టార్స్ టెలిస్కోపు తీసినవి మరి.

ముందు టీము కట్టండి. ఇంటర్నేషనల్ ఆస్ట్రనామికల్ సెర్చ్ కొలాబరేషన్ అనే సంస్థ ఈ వెతుకులాట నడుపుతుంది. ఫీజు లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి నమోదు చేసుకోండి, ఒక్కరే అయితే మూడో రోజుకే విసుగొస్తుంది. తర్వాత ఆస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి. సెట్టింగులు వాళ్లు చెప్పినట్టే ఉంచండి, సొంత తెలివి తర్వాత చూపించొచ్చు.

ఇక అసలు పని, బ్లింక్ చేయడం. ఆకాశంలో ఒకే చోటును కొన్ని నిమిషాల తేడాతో తీసిన నాలుగు ఫొటోలు వస్తాయి. వాటిని ఒకదాని వెంట ఒకటి తిప్పి చూడాలి. నాగావళి గట్టును ఒకే చోట నిలబడి నాలుగుసార్లు ఫొటో తీశారనుకోండి. తాటిచెట్లు ఎక్కడివక్కడే ఉంటాయి, మేస్తున్న గేదె మాత్రం జరుగుతుంది. నక్షత్రాలు తాటిచెట్లు, మనకు కావలసింది గేదె. అది నాలుగు ఫొటోల్లోనూ ఉండాలి, తిన్నటి గీత మీద, ఒకే వేగంతో జరగాలి.

ఆ వేగాన్ని బట్టి దూరం అంచనా కట్టొచ్చు. పలాస వెళ్లే రైలు కిటికీలోంచి చూస్తే కరెంటు స్తంభాలు పరిగెడతాయి, దూరపు కొండలు మెల్లగా కదులుతాయి. ఇక్కడ రైలు మన భూమే. సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున ఉన్నప్పుడు, అంగారకుడికీ గురుడికీ మధ్య ఉన్న పట్టీలో లోపలి అంచు రాళ్లు గంటకు 40 ఆర్క్ సెకన్ల (ఒక్కో ఆర్క్ సెకను డిగ్రీలో 3600వ వంతు) దాకా జరిగితే, బయటి అంచువి 30 దగ్గర ఉంటాయి. అంటే చందమామ వెడల్పంత దూరం జరగడానికి రెండున్నర రోజులు. పైగా అవి ఎక్కువగా బొగ్గులా నల్లనివి. అందుకే బయటి పట్టీలో అన్నిటికంటే పెద్దదైన హైజియా కూడా 1849 దాకా దొరకలేదు, వరసలో పదోది అయింది.

ఆ పట్టీకి బయటి కొసన ఉన్న సిల్వియా మాత్రం మనకు కాస్త దగ్గరి చుట్టం. 1866 మే 16న ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ పాగ్సన్ దాన్ని మద్రాసు అబ్జర్వేటరీ నుంచి కనిపెట్టాడు. మన జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఫొటోలు లేని రోజులు, కంటితో చూసి పట్టుకోవాల్సిందే. దానికి రెండు బుల్లి చందమామలున్నాయని తేలడానికి 2005 రావలసి వచ్చింది.

చుక్క కదిలిందని ఎగిరి గంతేయకండి. మొదటిసారి నాకూ ఒకటి మూడు ఫొటోల్లో వరసగా జరుగుతూ కనిపించింది, నాలుగో దాంట్లో లేదు. మబ్బు వల్లేమో అని సర్దిచెప్పుకుని, ఆ రాత్రి నిద్రపోకుండా పేర్లు ఆలోచించాను. తెల్లారి ఆ చుక్క మీద క్లిక్ చేస్తే దాని వెలుగును చూపే గ్రాఫ్ సూదిలా నిటారుగా లేచింది. నిజమైన గ్రహశకలానికి గ్రాఫ్ బోర్లించిన గంటలా వస్తుంది. నాది కెమెరాలో పాడైన పిక్సెల్! పేర్ల కంటే ముందు గ్రాఫ్ చూడండి.

తర్వాత, ఇప్పటికే తెలిసిన గ్రహశకలాల గుర్తులను ఫొటో మీద వేయించండి. మీ చుక్క దగ్గర గుర్తు పడితే అది పాతదే. పడకపోతే రిపోర్టు పంపండి. వాళ్లు సరిచూసుకున్నాక వివరాలు, ప్రపంచంలోని గ్రహశకలాల లెక్కలన్నీ చూసే మైనర్ ప్లానెట్ సెంటర్‌కు వెళతాయి.

అది కొత్తదే అయితే తాత్కాలిక పేరు వస్తుంది. ‘2021 జీసీ4’ అనుకుందాం. ‘జీ’ అంటే ఏప్రిల్ మొదటి పక్షం. ‘ఐ’ని వదిలేసి లెక్కపెడితే ‘సీ’ మూడో అక్షరం, 4 అంటే 25 అక్షరాల చుట్టు నాలుగుసార్లు పూర్తయిందని. మొత్తం కలిపి ఆ పక్షంలో 103వది.

శాశ్వత నంబరు రావాలంటే కక్ష్య గట్టిగా తేలాలి, దానికి ఏళ్లు పడుతుంది. నంబరు పడ్డాక కనిపెట్టినవారు పదేళ్లలోగా పేరు సూచించవచ్చు. ఇంగ్లీషులో 16 అక్షరాలు దాటకూడదు. రాజకీయ నాయకుల పేర్లు, వాళ్లు పోయి వందేళ్లయితే తప్ప కుదరవు. వంశధారకు పది అక్షరాలే.